మరుపు వెనుక మనిషిని చూసిన వైద్యుడు

అల్జీమర్స్ అనే మాట ఈ రోజుల్లో మన విచారణలలో కూడా వినబడుతున్నది. ఫలానా వారి అమ్మగారికి అల్జీమర్స్ అట, కన్నకొడుకును కూడా గుర్తుపట్టడం లేదట అని చెప్పుకుంటూ ఉంటారు. అయితే అది ఒక మనిషి ఇంటిపేరు అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన జర్మనీ దేశంలో ఒక కతోలిక కుటుంబంలో పుట్టిన వైద్యుడు. బ్రతికినది యాభై ఒక్క సంవత్సరాలే. ఆయన ఈ వ్యాధికి ఏ మందునూ కనిపెట్టలేదు, ఒక్క రోగినైనా దీని నుండి బాగుచేయలేదు. అయినా ప్రపంచమంతా ఆయన పేరు ఎందుకు తలచుకుంటున్నది? ఆ జీవితాన్ని కాస్త నిదానంగా చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మన ఇంట్లోని పెద్దవారి విషయంలో మనం చేయవలసినదేమిటో కూడా కొంత తెలుస్తుంది.

నోటరీ గారి అబ్బాయి

ఆలోయిస్ అల్జీమర్ 1864 జూన్ 14న దక్షిణ జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, మైన్ నది ఒడ్డున ఉన్న మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆలోయిస్ అంటే మనం అలోషియస్ అని పిలుచుకునే పేరే. తండ్రి ఎడ్వర్డ్ దస్తావేజులు ధృవీకరించే నోటరీ. ఆయన మొదటి భార్య బాలింత జ్వరంతో చనిపోగా, ఆమె సోదరి తెరేజియాను వివాహమాడారు. ఈ రెండవ వివాహంలో తొలి సంతానం మన ఆలోయిస్.

ఆయన పై తరగతులు అషాఫెన్‌బర్గ్‌లోనూ, వైద్యవిద్య బెర్లిన్, వుర్జ్‌బర్గ్, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయాలలోనూ చదివారు. 1887లో డాక్టరు పట్టా పొందారు. అందుకోసం ఆయన వ్రాసిన పరిశోధన వ్యాసం చెవిలో గుబిలి తయారుచేసే గ్రంథుల గురించి. వినడానికి చిన్న విషయంగా తోచినా, సూక్ష్మదర్శిని క్రింద ఓపికగా చూడడం ఆయనకు అలవాటైంది ఆ రోజుల్లోనే.

పిచ్చివాళ్ళ కోటలో

1888 డిసెంబరులో, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మానసిక రోగులకూ మూర్ఛరోగులకూ ఉన్న ఆసుపత్రిలో సహాయ వైద్యునిగా చేరారు. ఆ ఆసుపత్రి కొత్త భవనం ఆయన పుట్టిన 1864లోనే తయారైంది. ఊరివారు దానిని పిచ్చివాళ్ళ కోట అనేవారు. అక్కడ రోగులు రెండువందలకు పైమాటే, వైద్యులు మాత్రం వ్రేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది. ఎమిల్ సియోలి అనే వైద్యుడు ఆ సంవత్సరమే అక్కడ డైరెక్టరుగా బాధ్యత తీసుకున్నారు.

అప్పట్లో మతి చెడినవారిని కట్టివేయడం, చేతులు కదపలేని బిగుతు చొక్కాలు తొడగడం, ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడం ఎక్కువచోట్ల మామూలు సంగతి. సియోలి, అల్జీమర్ కలిసి ఈ పద్ధతులను వీలైనంతవరకు మాన్పించారు. ఆందోళన పడే రోగులను గోరువెచ్చని నీటి తొట్టెలలో ఎక్కువసేపు కూర్చోబెట్టేవారు. నడవగలిగినవారిని తోటలో తిప్పేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, రోగితో కూర్చుని మాట్లాడేవారు.

1889లో ఫ్రాంట్స్ నిస్సల్ అనే మరో యువ వైద్యుడు వచ్చి చేరాడు. మెదడు కణాలకు రంగు వేసి స్పష్టంగా చూపించే పద్ధతిని కనిపెట్టినవాడు అతడే. పగలు వార్డులలో రోగులను చూడడం, సాయంత్రం సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం ఇద్దరి దినచర్య అయింది. ఇద్దరినీ వేధించిన ప్రశ్న ఒక్కటే. మనసు చెదిరినవాని మెదడులో కంటికి కనబడే మార్పు ఏదైనా ఉంటుందా? అది తెలియాలంటే రోగి బ్రతికి ఉండగా మంచం ప్రక్కన కూర్చుని గమనించినదానిని, అతడు చనిపోయాక మెదడులో కనబడినదానితో సరిచూడాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి శ్రద్ధగా చేయడం అరుదు. అల్జీమర్ రెండూ చేశారు.

1894లో ఆయన సెసీలీ గైజెన్‌హైమర్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. ఆమె యూదుల కుటుంబంలో పుట్టిన స్త్రీ, ఒక వజ్రాల వ్యాపారి భార్యగా ఉండి వితంతువైనది. వారికి గెర్‌ట్రూడ్, హాన్స్, మరియా అని ముగ్గురు పిల్లలు. ఆ కాపురం ఏడేళ్ళు కూడా నిలవలేదు. 1901 ఫిబ్రవరిలో సెసీలీ మరణించింది. అప్పటికి చిన్నపిల్ల ఇంకా పసిబిడ్డే. అల్జీమర్ చెల్లెలు ఎలిజబెత్ వచ్చి పిల్లల బాధ్యత తీసుకుంది. ఆయన తన దుఃఖాన్ని పనిలో దిగమ్రింగుకున్నారు.

ఆగుస్తె అనే రోగి

అదే సంవత్సరం నవంబరు 25న ఆసుపత్రికి ఒక స్త్రీని తీసుకువచ్చారు. పేరు ఆగుస్తె, వయస్సు యాభై ఒకటి. భర్త రైల్వేలో గుమాస్తా. ఏ గొడవా లేని సంసారం. కొద్ది నెలల క్రితం ఆమెకు ఉన్నట్టుండి భర్తపై అనుమానం మొదలైంది. తరువాత మరుపు వచ్చింది. చేయి తిరిగిన ఇల్లాలు వంట పాడుచేయసాగింది. వస్తువులను ఎక్కడెక్కడో దాచేది, కారణం లేకుండా ఇంట్లో అటూ ఇటూ తిరిగేది, ఎవరో తనకు హాని చేస్తారని భయపడేది. ముసలితనపు మరుపు అందామంటే ఆమెది ముసలి వయస్సు కాదు.

మరునాడు అల్జీమర్ ఆమె దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగారు, ప్రశ్నను, జవాబును వరుసగా కాగితం మీద వ్రాసుకున్నారు. పేరు అడిగితే ఆగుస్తె అన్నది. ఇంటిపేరు అడిగినా ఆగుస్తె అనే చెప్పింది. మధ్యాహ్న భోజనంలో ఆమె పంది మాంసము, కాలీఫ్లవరు తింటూ ఉండగా ఏమి తింటున్నావని అడిగితే పాలకూర అన్నది. పెన్సిలు, కలము, తాళంచెవి, చుట్ట వంటి వస్తువులను ఒక్కొక్కటిగా చూపిస్తే అన్నింటి పేర్లూ సరిగానే చెప్పింది. కొంతసేపయ్యాక ఏమేమి చూపించానని అడిగితే ఒక్కటీ జ్ఞాపకం లేదు. తన పేరు వ్రాయమంటే మొదటి మాట వ్రాసి, మిగతాది మరచిపోయి ఆగిపోయింది. తన్ను తాను పోగొట్టుకున్నానన్న అర్థం వచ్చే మాట కూడా ఆమె నోటి నుండి వెలువడింది. అల్జీమర్ దానిని కూడా వ్రాసిపెట్టారు.

ఒక్కరోజుతో ఆపలేదు. తరువాతి రోజులలో మళ్ళీ వెళ్ళి మళ్ళీ అడిగారు. మతిపోయిన మనిషి మాటలకు విలువేమిటని వదిలేయడం తేలిక. ఆ మాటలలోనే వ్యాధి గుర్తులు ఉన్నాయని ఆయన గ్రహించారు. వస్తువులు చూపించి కాసేపాగి అడిగే ఆ పరీక్ష వంటిదే నేటికీ వైద్యులు చేస్తున్నారు. 1975లో అమెరికాలో రూపొందించి అనేక దేశాలలో వాడుకలోకి వచ్చిన జ్ఞాపకశక్తి పరీక్షలో మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపటి తరువాత మళ్ళీ చెప్పమంటారు. ఎంత పెద్ద యంత్రాలు వచ్చినా, ఈ వ్యాధి నిర్ధారణ ఇప్పటికీ రోగితోనూ ఇంటివారితోనూ మాట్లాడడంతోనే మొదలవుతుంది.

మ్యూనిక్ ప్రయోగశాల

1903లో అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి, ఆ కాలపు మానసిక వైద్యులలో మిక్కిలి ప్రసిద్ధుడైన ఎమిల్ క్రెపెలిన్ వద్దకు హైడెల్‌బర్గ్ వెళ్ళారు. కొద్ది నెలలకే ఆయనతోపాటు మ్యూనిక్ చేరారు. అక్కడ మెదడు పరిశోధన విభాగం ఆయన చేతికి వచ్చింది. మొదట కొన్నేళ్ళు జీతం కూడా లేకుండా పనిచేశారు. భార్య ద్వారా వచ్చిన ఆస్తి ఉండడం వలన అది సాధ్యమైంది.

వేర్వేరు దేశాల యువ వైద్యులు ఆయన దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవారు. ఇటలీ నుండి గయెటానో పెరుసీని వచ్చాడు. బానిసల మనుమడైన నల్లజాతి వైద్యుడు సోలమన్ కార్టర్ ఫుల్లర్ అమెరికా నుండి వచ్చాడు. అల్జీమర్ ఒక్కొక్క విద్యార్థి ప్రక్కన కూర్చుని, అతని సూక్ష్మదర్శినిలో తానూ చూసి, ఏది ఏమిటో వివరించేవారు. చుట్ట ముట్టించి బల్లమీద పెట్టి, పాఠంలో పడి దాని సంగతి మరచిపోయేవారు. సాయంత్రానికి ప్రతి బల్లమీదా ఒక చుట్టముక్క మిగిలి ఉండేదని ఆయన శిష్యులు చెప్పుకునేవారు.

మ్యూనిక్‌లో ఉన్నా ఆగుస్తెను ఆయన మరువలేదు. ఆమె పరిస్థితి ఫ్రాంక్‌ఫర్ట్ నుండి తెలుసుకుంటూ ఉండేవారు. చివరకు ఆమెకు మాట పోయింది. కాళ్ళు ముడుచుకుని మంచంలో పడి ఉండేది. పడక పుండ్ల నుండి విషం రక్తంలోకి ప్రాకి 1906 ఏప్రిల్ 8న మరణించింది. సియోలి అనుమతితో ఆమె మెదడు, ఆసుపత్రి కాగితాలు మ్యూనిక్ చేరాయి.

మెదడును పలుచని పొరలుగా కోసి, అప్పటికి కొత్తగా వచ్చిన వెండి లవణపు రంగు పద్ధతితో అల్జీమర్ పరీక్షించారు. మెదడు పై పొర కుంచించుకుపోయి ఉంది. చాలా కణాలు నశించాయి. మిగిలిన కణాల లోపల సన్నని పోగులు పెనవేసుకుని చిక్కుముడి పడ్డాయి. కొన్నిచోట్ల కణం చచ్చిపోగా చిక్కుముడి మాత్రమే మిగిలింది. కణాల వెలుపల కొర్రగింజల వంటి చిన్న మచ్చలు చెల్లాచెదురుగా ఉన్నాయి. మచ్చలు అంతకుముందు కొందరు చూసినవే. చిక్కుముడులను ఈ విధంగా వర్ణించినది ఆయనే. నేటి శాస్త్రజ్ఞులు మచ్చలలో ఉన్నది అమైలాయిడ్ అనే మాంసకృత్తు అనీ, చిక్కుముడులలో ఉన్నది టావు అనే మాంసకృత్తు అనీ చెబుతున్నారు.

ఎవరూ ప్రశ్న అడగని సభ

1906 నవంబరు 3న ట్యూబింగెన్‌లో మానసిక వైద్యుల సమావేశం జరిగింది. అల్జీమర్ తాను చూసినదంతా వివరించారు. ముగించిన తరువాత సభలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు, చర్చ జరగలేదు. అధ్యక్షుడు తరువాతి అంశానికి వెళ్ళిపోయారు. మరుసటి సంవత్సరం అచ్చయిన వ్యాసం కూడా చిన్నదే. వైద్యశాస్త్రంలో ఒక గొప్ప ఘట్టం అంత నిశ్శబ్దంగా జరిగిపోయింది.

1910లో క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథం కొత్త కూర్పులో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టారు. అల్జీమర్ మాత్రం తొందరపడలేదు. ఇది నిజంగా వేరే వ్యాధియేనా, లేక వృద్ధులలో వచ్చే మతిమరుపు వ్యాధే ముందుగా వచ్చిందా అన్న సందేహాన్ని 1911లో వ్రాసిన వ్యాసంలో ఆయనే లేవనెత్తారు. తన పేరుతో ఒక వ్యాధి నిలిచిపోతున్నదన్న సంతోషం కన్నా నిజమేమిటన్నది ఆయనకు ముఖ్యమైంది. మేధావులలో ఈ గుణం అన్నివేళలా కనబడదు.

1912లో బ్రెస్లావు విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. నేడు అది పోలండ్‌లో వ్రోత్స్‌వాఫ్ అనే నగరం. అక్కడికి వెళ్తూనే జబ్బుపడ్డారు. గొంతు నుండి సోకిన వ్యాధి గుండె లోపలి పొరకు ప్రాకింది. అయినా మూడేళ్ళు పాఠాలు, ఆసుపత్రి పని సాగించారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతూ ఉండగా 1915 డిసెంబరు 19న కన్నుమూశారు. ఆగుస్తె ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమెకు ఎంత వయస్సో, చనిపోయేనాటికి ఆయనకూ అంతే వయస్సు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టారు.

సందేహానికి జవాబు

ఆయన వదిలి వెళ్ళిన సందేహాన్ని లోకం చాలాకాలం పట్టించుకోలేదు. నడివయస్సువారికి వస్తే అల్జీమర్స్ వ్యాధి అన్నారు. డెబ్బై, ఎనభై ఏళ్ళవారికి వస్తే వయస్సు మీద పడిందిలే అన్నారు. 1960లలో ఇంగ్లండులోని న్యూకాజిల్ వైద్యులు అల్జీమర్ పద్ధతినే మళ్ళీ చేపట్టారు. బ్రతికి ఉండగా వృద్ధుల జ్ఞాపకశక్తిని పరీక్షించి, మరణానంతరం మెదడులోని మచ్చలను లెక్కించారు. మరుపు ఎక్కువైనవారిలో మచ్చలూ ఎక్కువని 1968లో ప్రకటించారు. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్, ముసలివారిలో వచ్చేదీ నడివయస్సులో వచ్చేదీ ఒకే వ్యాధి అని గట్టిగా వాదించాడు. అప్పటికి అల్జీమర్ చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఆ అరవై ఏళ్ళలో ఎందరు వృద్ధులను వ్యాధిగ్రస్తులుగా కాక, చాదస్తపు మనుషులుగా మూలన కూర్చోబెట్టారో లెక్కలేదు.

ఆగుస్తె కాగితాలు కూడా కనబడకుండా పోయి, 1995 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి దస్తావేజులలో దొరికాయి. తొంభై ఏళ్ళనాటి ఆ నీలిరంగు అట్టలో అల్జీమర్ చేతివ్రాతతో ఆ ప్రశ్నలు, జవాబులు భద్రంగా ఉన్నాయి.

చికిత్స విషయంలో అడుగులు నెమ్మదిగా పడ్డాయి. 1993లో అమెరికాలో మొదటి మందుకు అనుమతి లభించింది. అది కాలేయానికి చేటు చేయడంతో వాడుక తప్పింది. 1996లో వచ్చిన డోనెపెజిల్ అనే మాత్ర ఇప్పటికీ వాడుకలో ఉంది. అది కొందరికి కొంతకాలం ఉపశమనం ఇస్తుందే తప్ప వ్యాధిని ఆపదు. మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే లెకనెమాబ్ అనే మందుకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. వ్యాధి తొలి దశలో ఉన్న 1,795 మందిపై పద్దెనిమిది నెలలు జరిపిన పరీక్షలో, మందు తీసుకున్నవారిలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. పోయిన జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు. కొందరికి మెదడు వాపు, మెదడులో రక్తస్రావం వచ్చాయి. పూర్వం చనిపోయాకగాని కనబడని మార్పులను ఇప్పుడు బ్రతికి ఉండగానే స్కానింగుల ద్వారా, కొంతవరకు రక్తపరీక్ష ద్వారా కూడా కనిపెట్టగలుగుతున్నారు.

మన హైదరాబాదుకూ ఈ పరిశోధనలో భాగముంది. నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువురానివారిలో కూడా ఈ తేడా కనబడింది. భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. మెదడుకు పని కల్పిస్తే అది కొంత ఎక్కువకాలం తట్టుకుంటుందేమోనన్న ఆశ మాత్రం కలుగుతున్నది.

మన ఇళ్ళలో

2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వారిలో ఎక్కువమంది ఉన్నది ఆసుపత్రులలో కాదు, ఇళ్ళలో. కోడలు అన్నం పెట్టలేదని ఇరుగుపొరుగుతో చెప్పే అత్తగారు, తిన్న సంగతి మరచి ఉండవచ్చు. డబ్బు దొంగిలించారని కేకలు వేసే తాతగారు, తానే దాచి మరచి ఉండవచ్చు. దానిని కావాలని చేసే రభస అనుకుంటే ఇంట్లో కోపాలు పెరుగుతాయి. ఎవరో చేతబడి చేశారంటే డబ్బూ కాలమూ పోతాయి. వ్యాధి అని తెలిసిన రోజున ఇంటివారి మాట మెత్తబడుతుంది. రోగ నిర్ధారణ వలన కలిగే మొదటి మేలు ఇదే.

ఇంకొక మేలు కూడా ఉంది. మరుపు అంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత, కొన్ని మందుల దుష్ఫలితం, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరడం వంటి వాటివలన కూడా మరుపు వస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. కనుక పెద్దవారిలో మరుపు రోజువారీ పనులకు అడ్డు వచ్చేటంతగా పెరిగితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. ముందుజాగ్రత్తలు కూడా ఉన్నాయి. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం, పొగాకు మానడం, వినికిడి తగ్గితే యంత్రం పెట్టించడం, ఒంటరితనం లేకుండా చూడడం వంటి పద్నాలుగు విషయాలను సరిచూసుకోగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చునని 2024లో అంతర్జాతీయ నిపుణుల బృందం తెలిపింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో జాన్ లాక్ అనే ఆంగ్ల తత్వవేత్త వాదన చదువుకున్నాము. నిన్నటి నన్ను నేడు నేనే అని ఎరిగి ఉండడంలోనే వ్యక్తిత్వం ఉందని ఆయన అభిప్రాయం. అదే నిజమైతే జ్ఞాపకం పోయిన నాడు మనిషి కూడా పోయినట్టే. ఆగుస్తె కూడా తాను తప్పిపోయినట్టు బాధపడింది. పునీత థామస్ అక్వినాస్ వారి మార్గం వేరు. వివేకం గల స్వభావంతో పుట్టినవాడు ఆ వివేకాన్ని వాడలేని స్థితిలోనూ వ్యక్తిగానే ఉంటాడు. నిద్రపోయేవాడు వ్యక్తి కాకుండా పోడు గదా! ఆగుస్తె తన పేరు పూర్తిగా వ్రాయలేకపోయినా, ఎదుట కూర్చున్న వైద్యునికి ఆమె ఎవరో తెలుసు. ఆమె మరచినదానిని ఆయన వ్రాసి ఉంచారు. కుటుంబం చేయవలసిన పని కూడా అదే. నాయనమ్మ తన పేరు మరచిపోతే మనుమలు ఆమెను పేరు పెట్టి పిలిచి, ఆమె కథ ఆమెకే చెప్పాలి.

అటువంటి పెద్దలున్న ఇల్లు ప్రతి విచారణలోనూ ఒకటో రెండో ఉంటాయి. వారిని చూసుకునే కోడలో కూతురో రాత్రిళ్ళు నిద్ర లేక అలసిపోయి ఉంటుంది. పూజకు కూడా రాలేకపోతుంది. మరియదళ సభ్యులో, పొరుగు కుటుంబమో వారానికి ఒక పూట వెళ్ళి ఆ పెద్దావిడ దగ్గర కూర్చుంటే, ఆమె కాస్త బయటికి వెళ్ళి రాగలుగుతుంది. వెళ్ళినవారు పెద్దావిడను తొందరపెట్టకుండా, నేనెవరో గుర్తుపట్టావా అని పరీక్షించకుండా, తమ పేరు తామే చెప్పి కూర్చోవాలి. ఆమె చెప్పిన మాటే పదిసార్లు చెప్పినా వినాలి.